అయిదు మూతలు

పదకొండింటికి వస్తామంది వదిన. ఇప్పుడు పది. ఈ గంటలో ఇల్లంతా ఒక కొలిక్కి రావాలి, వచ్చి తీరాలి అనుకుంటూ ఆమె కూర్చున్న కుర్చీలోంచే గోడని కాలితో ఒక్క తన్ను తన్ని, వంటగది ఈ చివరినుంచి ఆ చివరికి జారిపోయింది. అది టైపిస్టు కుర్చీ. గుండ్రంగా తిరుగుతుంది, కింద అయిదు చక్రాలుంటాయి. పదకొండేళ్ళు లాయరుగారి ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చునే ఆమె టకటకా కాయితాలు కొట్టింది. వేళ్ళు మొరాయించి ఉద్యోగం మానేసిన రోజున, జ్ఞాపకంగా ఏం ఇమ్మంటావమ్మా అని లాయరుగారు అడిగితే, గోడగడియారమో గొడుగో అడుగుతుందని అందరూ చూస్తుంటే, ఈ కుర్చీ ఇప్పించండి అంది. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, స్టవ్వునుంచి సింకుకి ఆరడుగులు, సింకునుంచి బట్టల మెషినుకి తొమ్మిది, రోజుకి ఎన్నిసార్లు నడవాలో ఆ నవ్విన వాళ్ళకేం తెలుసు, ఆమె మోకాళ్ళకి తెలుసు. మెషిను తలుపు తీయడానికి వేళ్ళు పనికిరావు, మోచెయ్యి కావాలి. మోచేత్తో పొడిచింది, తెరుచుకుంది. లోపల తడి దుప్పటి ముద్దగా పడి ఉంది, ఇంట్లో పనులన్నిట్లోకీ ఇదే పెద్ద పని, దీంతో తేలిపోతే సగం రోజు గెలిచినట్టే.

దుప్పటిని ఎప్పుడూ ఎత్తకూడదు. ఎత్తితే రెండు మణికట్లూ ఆ రోజుకి సెలవు పెట్టేస్తాయి. కొస దొరకబుచ్చుకుని, ముంజేతికి ఒక చుట్టు చుట్టి, కుర్చీని వెనక్కి జరుపుకుంటూ పోతే దుప్పటే వెంట వస్తుంది. అలా వెనక వరండా దాకా లాక్కెళ్ళి, లేచి నిలబడి, భుజం మీద వేసుకుని, దండెం దగ్గరికి వెళ్ళి భుజంతోనే అవతలికి తోసెయ్యాలి. క్లిప్పులు నొక్కడం ఆమె వల్ల కాదు, అందుకే పక్కపక్కనే రెండు తాళ్ళు కట్టించుకుంది, ఒక తాడు మీదనుంచి వేసి రెండో తాడు కిందనుంచి లాగితే ఎంత గాలొచ్చినా దుప్పటి కదలదు. ఈ ఉపాయం ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది, ఒక రోజు దుప్పటి ఎగిరి కింద కొళాయి దగ్గర పడ్డాక, దాన్ని చూస్తూ మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాక. ఏడుపు తర్వాత బుర్ర బాగా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. ఇవాళ భుజం కలుక్కుమంది. చుట్టంగారు లేచారన్నమాట. నొప్పికి ఆమె పెట్టుకున్న పేరు చుట్టంగారు. ఏడేళ్ళ కిందట రెండు రోజులుండి పోతానన్నట్టు వచ్చి, మెల్లిగా పెట్టె విప్పి, మంచం వేసుకుని, ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే ఆలస్యంగా పడుకుంటూ తిష్ఠ వేసుకున్నారు. పొమ్మంటే పోరు. తిట్టి లాభం లేదు, బతిమాలి లాభం లేదు, పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకోవడమే. లేచారా, సరే, కూర్చోండి, నాకు ఇవాళ మీతో కబుర్లకి తీరిక లేదు, మా వదిన వస్తోంది.

వదిన వస్తోంది అత్తయ్యని తిరిగి దిగబెట్టడానికి కాదు. అత్తయ్య బట్టలు పట్టుకుపోవడానికి. నిన్న ఫోనులో వదిన అన్న మాటలు మాట తేడా లేకుండా గుర్తున్నాయి. "అమ్మ బట్టలూ మందులూ సర్దిపెట్టమ్మా. ఇంక నా దగ్గరే ఉంచేసుకుంటాను. నీ ఒళ్ళే నీకు స్వాధీనంలో లేదు, ఆవిణ్ణి నువ్వెక్కడ చూస్తావు, పాపం." ఆ పాపం అన్న దగ్గర ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పక్కనే ఉన్నాడు, బస్సు డిపోకి బయలుదేరుతూ బూట్లు వేసుకుంటున్నాడు, "అక్క చెప్పిందీ నిజమే కదా, నీకూ కాస్త తెరిపిగా ఉంటుంది" అన్నాడు తల ఎత్తకుండా. తెరిపి! ఈ పది రోజులుగా ఈ ఇంట్లో ఉన్న తెరిపి ఆయనకేం తెలుసు. పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తాడు. ఈ గోడల మధ్య ఒక్కర్తే తిరుగుతూ, స్టూలు కుడివైపు జరిపాను అని గట్టిగా అనబోయి, ఎవరితో అంటున్నానని ఆగిపోవడం ఆమెకు తెలుసు. అందుకే సర్దదు. బట్టలు సర్దదు గాక సర్దదు. వదిన వచ్చేసరికి దుప్పట్లు ఆరుతూ ఉండాలి, నేల మెరుస్తూ ఉండాలి, కూర ఉడుకుతూ ఉండాలి, చేతికి వేడివేడి కాఫీ అందాలి. ఇలాంటి ఇంట్లోంచి మా అమ్మని ఎందుకు తీసుకుపోవడం అని వదినకే అనిపించాలి. ఇదీ ఆమె పథకం, రాత్రంతా ఆలోచించి వేసుకున్నది.

నేల తుడవాలి. తుడిచే గుడ్డ పిండడం మాట మరిచిపోయి మూడేళ్ళయింది, వెడల్పాటి పళ్ళెంలో గుడ్డ పరిచి పైకెక్కి నాలుగడుగులు తొక్కితే నీరంతా దిగిపోతుంది, ఆ గుడ్డనే రెండు పాదాల కిందా వేసుకుని గోడ పట్టుకుని గదంతా జారుకుంటూ పోతే నేల అద్దం. మొదటిసారి అలా చేస్తుంటే అత్తయ్య, "ఏమిటే అమ్మాయ్, డాన్సు నేర్చుకుంటున్నావా" అంది. చూసి కాదు, చప్పుడు విని అంది. అత్తయ్యకి చూపు ఆనదు. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, అయినా ఒక పక్క మసక పోలేదు, ఇంకో పక్క వెలుతురే తప్ప ఆకారం తెలియదు. ఆ మాట అత్తయ్య ఎవరితోనూ ఒప్పుకోదు. బ్రహ్మాండంగా కనిపిస్తోందంటుంది, గోడకి తగులుకుని గోడనే కసురుతుంది. అందుకే ఆమె ఏం చేస్తున్నా పైకి అంటూ చేస్తుంది, అమ్మయ్య స్టవ్వు వెలిగించాను, ఇదిగో బకెట్టు గుమ్మంలో పెట్టాను, అబ్బ ఈ టేబుల్ జరపకపోతే ఎలాగ అని, తనలో తను గొణుక్కున్నట్టు, కానీ ఇల్లంతా వినబడేట్టు. పక్కింటి టీచరమ్మతో అత్తయ్య, "మా కోడలిది మంచి మనసేనమ్మా, కానీ నోరు క్షణం ఊరుకోదు" అని చెప్పుకోవడం ఆమె చెవిన పడింది. నవ్వొచ్చింది. వాగుడుకాయ అనుకుంటే అనుకోనీ, కాలికి బకెట్టు తగలకపోతే చాలు.

తను చేసిందే ఆ కాలి మీదికొచ్చింది. బకెట్టు కాదు, వేడినీళ్ళ గిన్నె. పది రోజుల కిందట, ఇలాంటి ఉదయమే, రోజూ దించే గిన్నే, రోజూ పట్టే మసిగుడ్డే, స్టవ్వు మీదనుంచి దించుతూ దించుతూ ఉండగా కుడిచేతి వేళ్ళు ఒక్కసారిగా లేకుండా పోయాయి, నొప్పి కూడా కాదు, నొప్పికంటే ముందు వచ్చే ఖాళీ. గిన్నె జారింది. అత్తయ్య అక్కడే బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఒక్క కేక, అంతే, తర్వాత అరవలేదు, "ఏం కాలేదు, ఏం కాలేదు, నీకేమైనా అయిందా" అంటూ గాల్లో చేతులు చాపింది, తన కాలు కాలుతుంటే కోడలి చేతులు వెతికింది. పెద్దగా కాలలేదు, పాదం పైన నాలుగు వేళ్ళ మేర ఎర్రబడి బొబ్బలెక్కింది, డాక్టరు మందు రాసి పట్టీ వేశాడు. సాయంత్రానికి వదిన టాక్సీ వేసుకుని వచ్చేసింది. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, అంటే బాగుండేది. అత్తయ్య కూడా ఏమీ అనలేదు. వెళ్ళనని అనలేదు. అదే ముల్లులా దిగబడి ఉంది. ఎందుకనలేదు? ఈ చేతుల మధ్య ఇంక బతకడం కష్టమనుకుందా? రోజూ పొద్దున్నే వెనకాల కూర్చుని ఆమె జుట్టు దువ్వి జడ వేసిన మనిషి, వేళ్ళతో చూసుకుంటూ ఒక్క పాయ వదలకుండా అల్లిన మనిషి, టాక్సీ ఎక్కుతూ వెనక్కి తిరగలేదు. తిరిగినా ఏం కనిపిస్తుందిలే అనుకుందేమో.

జడ లేక పది రోజులయింది. చేతులు తల దాకా లేవవు, జుట్టుని గుడ్డలో చుట్టేసి నడిపిస్తోంది. ఆయన ఒక రోజు నేను దువ్వుతానని వచ్చి బోల్టు తిప్పినట్టు తిప్పాడు, ప్రాణం పోయింది. ఆయన చేతులు అలాంటివి మరి. డిపోలో ఇరవై ఏళ్ళుగా బస్సు చక్రాలు బిగిస్తున్నాడు, ఆ చేతులకి బిగించడం తప్ప ఇంకోటి రాదు. ఇంటికొస్తే కొళాయిలు బిగిస్తాడు, తలుపు గొళ్ళేలు బిగిస్తాడు, రాత్రి అన్నం తిన్నాక పడుకోబోయే ముందు అరలో ఉన్న అయిదు గాజు సీసాల మూతలూ వరసగా బిగిస్తాడు, కాఫీపొడి, చక్కెర, ఉప్పు, మిరియాలు, పిండి. ఇంటి పనిలో ఆయన వాటా ఇది. ఒకప్పుడు మూతలు వదులుగానే ఉండేవి, చక్కెరలో చీమలు పట్టాయి, అప్పటినుంచీ ఈ బిగింపుల యజ్ఞం. మొదట్లో పొద్దున్నే ఆయన్ని లేపి తీయించుకునేది. తర్వాత ఒక రోజు ఆయన స్నేహితులు భోజనానికొస్తే, ఉప్పు సీసా పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడింది, ఆయన నవ్వుతూ, "మా ఇంట్లో ఒక మూత తీయాలంటే నేను డిపోనుంచి రావాలండీ" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు, చెడ్డ మనిషి కాదు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని, ఈ జన్మలో ఇంక ఏ మూతా తీసిపెట్టమని ఎవర్నీ అడగను అని ఒట్టు పెట్టుకుంది. పైకే అంది. పక్క గదిలో అత్తయ్య ఉందని అప్పుడు తోచలేదు.

ఒట్టు పెట్టుకున్నాక కసిగా పట్టుకుంది. గోరువెచ్చని నీళ్ళలో స్పాంజి పెట్టి రోజుకి పదిసార్లు నొక్కడం, తర్వాత ఇరవై, తర్వాత ముప్ఫై. నెల తిరక్కుండానే ఒక పొద్దున్న చక్కెర సీసా మూత, వచ్చేసింది! చెయ్యి వేసి ఇలా తిప్పిందో లేదో వచ్చేసింది. మర్నాడు ఉప్పు, కాఫీ, అన్నీ, రోజూ, వెన్నలో చెయ్యి పెట్టినట్టు. రాత్రి ఆయన అంతలా బిగించినవి పొద్దున్న తను ఇట్టే తీసేస్తోంది, ఎంత పొంగిపోయింది! ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని అనిపించింది, ఒక్క కీళ్ళ డాక్టరుకి మాత్రం చెప్పింది. రెండు నెలల కిందట, ఆ బల్ల ముందు చిన్నపిల్లలా కూర్చుని, "మూతలు వాటంతట అవే వచ్చేస్తున్నాయి డాక్టరుగారూ" అంది. ఆయన కూడా సంతోషించాడు, రక్తపరీక్ష కూడా కాస్త మెరుగ్గానే ఉందన్నాడు, అయితే ఈ మాత్ర తగ్గించి చూద్దాం అని చీటీ మీద ఒక గీత కొట్టాడు. ఆ గీతని చూసి ఆమె బస్సులో దారంతా నవ్వుకుంటూ వచ్చింది. తర్వాత మెల్లిమెల్లిగా చుట్టంగారి గొంతు పెరిగింది, చలికాలం కదా అనుకుంది. తర్వాత గిన్నె జారింది. అత్తయ్య వెళ్ళిన మర్నాటినుంచీ ఒక్క మూత రావడం లేదు, ఒక్కటంటే ఒక్కటి. ఏమయింది ఈ చేతులకి, పది రోజుల్లో ఇంత పాడవుతాయా, అత్తయ్య ఉసురు తగిలిందా?

పదీ ఇరవై అయిదు. బంగాళాదుంపలు తొక్కతోనే ఉడకేసింది, ఉడికాక తొక్క తనే ఊడుతుంది, బొటనవేలితో తోస్తే చాలు. గిన్నెలో నీళ్ళు సగమే, అదీ స్టవ్వు మీద పెట్టాకే చిన్న మగ్గుతో ఆరు విడతలు పోసింది, దించేటప్పుడు కూడా గరిటెతో తోడడమే తప్ప గిన్నె ఎత్తేది లేదు, ఆ పాఠం కాలిన కాలు నేర్పింది. ఉప్పూ చక్కెరా పది రోజులుగా కొత్త పొట్లాలు కత్తెరతో కోసి కప్పుల్లో పోసుకుని గడుపుతోంది, తను టీ తాగుతోంది. కానీ వదిన టీ ముట్టదు. కాఫీ లేకపోతే వదినకి ఎదురుగా ఉన్న మనిషి కనిపించదు. కాఫీ సీసా తీయాలి. ఒడిలో పెట్టుకుని తుండుగుడ్డ వేసి తిప్పింది. రాలేదు. మూత మీద వేడినీళ్ళు పోసింది. రాలేదు. బల్ల అంచుకేసి చుట్టూ చిన్నగా కొట్టింది. తలుపు సందులో మూత ఇరికించి సీసాని రెండు అరచేతులా పట్టి ఒళ్ళంతా తిప్పింది, సీసా తిరగలేదు, తనే తిరిగింది, మణికట్టులోంచి భుజం దాకా మంట పాకి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఉండండి చుట్టంగారూ, అరవకండి, తెలుసు. ఇదొక్కటీ ఇలా ఉండనిద్దాం, ముందు అత్తయ్య పక్క మారుద్దాం.

అత్తయ్య గదిలోకి ఈ పది రోజులూ ఆమె రాలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంచింది. మంచం మీద దుప్పటి అత్తయ్య లేచినప్పుడెలా ఉందో అలాగే ఉంది, దిండు మధ్యలో తల ఆనిన గుంట కూడా ఉంది. కూర్చుని ఆ గుంట మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది, ఇప్పుడు ఇవన్నీ పెట్టుకుంటే పని కాదు. దుప్పటి నాలుగు మూలలూ పాదంతో లాగింది. దిండు గలీబు తీయడానికి దాన్ని నోటితో పట్టుకుని మోచేతుల మధ్య నొక్కి దిండుని కిందికి దులపాలి, దులిపింది, దిండుతోబాటు పసుప్పచ్చగా ఏదో నేల మీద పడింది. ముందు అర్థం కాలేదు. అంట్లు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగు, ఏడాది కిందట ఒకటి కనిపించకుండా పోయి ఇల్లంతా వెతికి, మెషినే మింగిందని తీర్మానించుకున్న ఆ తొడుగు. వేళ్ళు కత్తిరించేసి, అరచేతి భాగం మాత్రం గుండ్రంగా, సీసా మూత కంటే కాస్త పెద్దగా ఉంది. ఒక వైపు నున్నగా అరిగిపోయింది. ఎందుకో వాసన చూసింది. కాఫీపొడి. ఆ వెనకే మిరియాల ఘాటు.

టక్. టక్. టక్. టక్. టక్. అప్పుడు వినపడింది ఆమెకు, పది రోజుల కిందటి చప్పుడు, ఏడాదిగా రోజూ విన్న చప్పుడు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, వేళ్ళు విడివడడానికి అరగంట పడుతుంది కాబట్టి కదలకుండా పడుకుని పైకప్పు చూస్తుంటే, వంటింట్లోంచి అయిదుసార్లు, మధ్యలో కాస్త వ్యవధి ఇచ్చి, టక్ మని. అత్తయ్య లేచి వేళ్ళు విరుచుకుంటోంది కాబోలు అనుకునేది. అయిదు వేళ్ళు కదా, సరిపోయింది లెక్క అని కూడా అనుకుంది, ఎంత తెలివి! రాత్రి కొడుకు బిగిస్తే తెల్లారకుండా తల్లి వెళ్ళి, చీకట్లోనే, ఆవిడకి చీకటైతే ఏమిటి వెలుగైతే ఏమిటి, అర తడుముకుని, ఒక్కొక్కటే వదులు చేసి, మళ్ళీ చీమకి కూడా అనుమానం రాకుండా ఆనించి పెట్టి వచ్చి పడుకుంది. ఒక్క రోజు కూడా మానలేదు. ఒక్క మాట కూడా అనలేదు. కోడలు ఒట్టు పెట్టుకుంది, ఆ ఒట్టు నిలబడాలి, అంతే. స్పాంజీ లేదు, గోరువెచ్చని నీళ్ళూ లేవు, ఈ చేతులు ఎప్పుడూ బాగుపడలేదు. ఆ బాగుపడని చేతులతో వెళ్ళి డాక్టరు ముందు గొప్పలు పోయింది, ఆయన గీత కొట్టాడు, గిన్నె జారింది, అత్తయ్య కాలు కాలింది. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. సిగ్గుగా ఉంది, కోపంగా కూడా ఉంది, ఎంత పని చేశారత్తయ్యా అని గట్టిగా అరవాలని ఉంది, వీటన్నిటి కిందా ఇంకేదో వెచ్చగా, తల్లి చెయ్యి వీపు మీద పడినట్టుగా ఉంది. నన్నొద్దనుకుని వెళ్ళలేదు ఈ మనిషి. మరెందుకు వెళ్ళింది? తనొక బరువనుకుంది. ఈ చేతులకి తను కూడా ఎందుకనుకుంది. అంతేగా, ఇంట్లో చేతులుండీ పని లేనట్టు, ఎవరూ ఏదీ అడగని ముసలామె, ఇంకేమనుకుంటుంది. అడిగిందెవరు? ఒట్టు పెట్టుకుని కూర్చుందిగా తను.

పక్క మీద ఉతికిన దుప్పటి పరిచేసరికి పదకొండుకి అయిదు. రబ్బరు ముక్క గౌను జేబులో వేసుకుంది. గంట మోగింది.

ముందు వదిన, చేతిలో మడత పెట్టిన పెద్ద ఖాళీ సంచీ. వెనక అత్తయ్య, పట్టీ కట్టిన కాలు కాస్త ఈడుస్తూ, గుమ్మంలో ఆగి ఇంటి వాసన పీల్చుకున్నట్టు తల ఎత్తింది. అలవాటు కొద్దీ ఆమె, "అబ్బ, ఈ కుర్చీ ఒకటి, ఎడమపక్కకి లాగేశాను" అంది పైకి. అత్తయ్య కుడిపక్కనుంచి తిన్నగా వచ్చి బల్ల దగ్గర తన చోట్లో కూర్చుంది. వదిన ఇల్లంతా కలియతిరిగింది. నేల చూసింది, దండెం మీద దుప్పటి చూసింది, స్టవ్వు మీద దుంపలు చూసింది. వచ్చి కూర్చుని, నిజంగా మెచ్చుకోలుగానే అంది.

"నేనేదో అనుకున్నాను గానీ, ఒక్కదానివే ఎంత బాగా సర్దుకుంటున్నావమ్మా! అద్దంలా ఉంది ఇల్లు. చూశావా అమ్మా, నువ్వు లేకపోతేనే దానికి సుఖంగా ఉంది. నా మాట నిజమేగా. మరి తలకి ఆ గుడ్డేమిటి?"

అత్తయ్య ఒళ్ళో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది, ఆ చేతులు చాలా ఖాళీగా కనిపించాయి. రాత్రంతా ఆలోచించి వేసిన పథకం, గంటసేపు ఒళ్ళు హూనం చేసుకుని మెరిపించిన ఇల్లు, వెళ్ళి అవతలి పక్షాన నిలబడ్డాయి. ఇంత బాగా చేసుకోగలిగిన దానికి అత్తయ్య ఎందుకు? నిజమే మరి, వదినది తప్పేమీ కాదు. ఇప్పుడిక దాచుకోవడానికి ఒక్క ఒట్టే మిగిలింది. దాన్ని దాటడం తడి దుప్పటి ఎత్తడం కంటే కష్టంగా ఉంది, ఆ రోజు అందరూ నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. మోగనీ. ఆమె కుర్చీని తన్నుకుని అర దగ్గరికి జారింది. కాఫీ సీసా ముంజేతులతో పొదివి పట్టుకుని తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. పక్కనే రబ్బరు ముక్క పెట్టింది.

"అత్తయ్యా, ఈ మూత నాకు రావడంలేదు. తీసిపెట్టండి."

అత్తయ్య వేళ్ళు సీసాని తాకాయి. తర్వాత రబ్బరుని తాకి అక్కడే ఆగిపోయాయి.

"పది రోజులుగా రావడంలేదు" అంది ఆమె. "పది రోజులేమిటి, ఎప్పుడూ రాలేదు. నాకు ఇవాళే తెలిసింది. తగ్గిపోతోందని డాక్టరుకి చెప్పుకున్నాను వదినా, ఆయన మందు తగ్గించేశాడు. గిన్నె అందుకే జారింది. రేపే వెళ్ళి ఉన్నమాట చెప్పొస్తాను. వేడిగిన్నె ఇంక నేను ముట్టుకోను, గరిటెతోనే తోడతాను. కానీ మూతలు నా వల్ల కావు, గుండీలు కావు, జడ కాదు. అత్తయ్య చేతులు లేకపోతే ఈ ఇంట్లో పని సగమే అవుతుంది. చూడ్డానికి మాత్రం అద్దంలా ఉంటుంది."

"ఏం మూతలు, ఏం డాక్టరు, నాకేం అర్థం కావడంలేదు" అంది వదిన.

అత్తయ్యకి అర్థమైంది. రబ్బరు ముక్కని వేళ్ళ మధ్య నలుపుతూ, తల కొంచెం పక్కకి వంచి, మొత్తం కథ మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిచి వచ్చినట్టుంది. మెల్లిగా ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆమె కంగారు పడింది. నవ్వుతోంది.

"అయితే నా కాలు నేనే కాల్చుకున్నానన్నమాట" అంది అత్తయ్య. "ఏడాది పాటు తెల్లారగట్ల లేచి మరీ."

"చెప్పాల్సింది కదా అత్తయ్యా."

"నువ్వు చెప్పావా? రోజంతా ఆ వాగుడు ఎందుకు వాగుతావో నాకు తెలియదనుకున్నావా? బకెట్టు గుమ్మంలో పెట్టానూ, స్టూలు జరిపానూ! నా కళ్ళ సంగతి నేను నీకు చెప్పానా, నువ్వు నన్ను అడిగావా?" అంటూనే రబ్బరు మూత మీద వేసి తిప్పింది. టక్.

తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, గోడ వెంట అర దాకా నడిచింది. చక్కెర, టక్. ఉప్పు, టక్. మిరియాలు కాస్త బెట్టు చేసి, టక్. పిండి సీసా రాలేదు. ఈ పది రోజులూ ఎవరూ వదులు చేయకపోయినా ఆయన రోజూ రాత్రి బిగిస్తూనే ఉన్నాడు, బిగిసిన మీద బిగించాడు. అత్తయ్య రెండుసార్లు తిప్పింది, సీసానే తిరిగిపోతోంది. "పాడు చేతులు వాడివి" అంది. ఆమె కుర్చీ జరుపుకుంటూ వెళ్ళింది. సీసాని కడుపుకి ఆనించుకుని, రెండు ముంజేతులూ చుట్టూ వేసి, వంగి, ఒంటి బరువంతా దాని మీద పెట్టింది. చుట్టంగారు ఒకటే అరుపు. అరవనిచ్చింది. "ఊఁ, తిప్పండి" అంది. అత్తయ్య రబ్బరు వేసి, పళ్ళు బిగబట్టి తిప్పింది. ఇద్దరి తలలూ తగులుకున్నాయి. సీసా ఆమె కడుపులో ఒత్తుకుంది, అత్తయ్య కాలి పట్టీ కుర్చీ చక్రానికి రాసుకుంది, వదిన లేచి రెండడుగులు వేసి ఏం చెయ్యాలో తెలియక మధ్యలో నిలబడింది.

టక్.

ఇద్దరూ రొప్పుతున్నారు. అత్తయ్య తడుముకుంటూ ఆమె తల మీది గుడ్డ దగ్గరికి చెయ్యి పోనిచ్చి, దాన్ని విప్పేసి, చిక్కులు పడ్డ జుట్టులో వేళ్ళు పెట్టి చూసి, "దువ్వెన తే" అంది.

వదినకి చంకలో ఖాళీ సంచీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది, దాన్ని ఇంకో మడత పెట్టి కుర్చీ వీపుకి తగిలించి కూర్చుంది.

"ముందు కాఫీ సంగతి చూడండి" అంది. "నాకు చక్కెర తక్కువ."